కన్నవారి గుమ్మం

ఈమధ్య తాపీ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు. మీ కాలంలో కట్టిన గోడలు అంత గట్టిగా ఎలా ఉండేవమ్మా అని. జవాబు చెప్పే ఓపిక నాకు ఉండదు. సున్నం తినేసి నా వేళ్ళ చివర గీతలు అరిగిపోయాయి. రేషను మిషను మీద వేలు పెడితే నేను నేను కాదంటుంది. మోకాళ్ళు మడత పడవు, పడితే లేవవు. అందుకని గట్టి గోడల సంగతి మీ పెద్దవాళ్ళనడగండి. నేను మా మేస్త్రి కట్టిన ఒక గోడ గురించి రాస్తాను. అది గట్టిగా ఉండకూడని గోడ.

నేను బడి మెట్లెక్కలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, ముగ్గు వేసేటప్పుడు వాకిట్లోనే. పని నాన్న నేర్పాడు. ఆయన గుళ్ళకి సున్నం పని చేసేవాడు. పెరట్లో ఒక మొండిగోడ ఉండేది. దానికే పూత పూయించేవాడు, మర్నాడు గీకించేవాడు, మళ్ళీ పూయించేవాడు. పెళ్ళయి టెక్కలి దగ్గరికి వచ్చాక, గుళ్ళ మరమ్మతులు చేసే మేస్త్రి ఒకాయన నా చేతి పూత చూసి తన ముఠాలో పెట్టుకున్నాడు. ఆడమనిషికి తాపీ ఇస్తావా అని మిగతావాళ్ళు గొణిగితే, గోడకి ఆడా మగా తెలీదు అన్నాడట. నాకా మాట ఆయన చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. ఆయన దయవల్ల నా పిల్లలు అన్నం తిన్నారు. రోజూ దీపం పెట్టినప్పుడు అమ్మవారి తర్వాత తలుచుకునేది ఆయన్నే.

పెద్ద తుఫాను వెళ్ళిన తర్వాత ఏడాది మాకు తెరిపి లేదు. పలాస నుంచి సంతబొమ్మాళి దాకా తీరం పొడుగునా ఏ గుడి చూసినా మొండెమే. అప్పటికే మేస్త్రికి ఒంట్లో బాగుండటం లేదు. మా ఉద్దానంలో ఈ కిడ్నీల జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది. ఇంటికొకరున్నారు. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని వచ్చేవాడు. ఆ మర్నాడు పనిలో నిలబడేవాడు కాదు, ఇసకమూట మీద కూర్చుని చెప్పేవాడు. మేం చేసేవాళ్ళం. ఆయన అలసట మాకూ అంటుకుందేమో, ఆ ఏడాదంతా ముఠాలో నవ్వు వినిపించింది తక్కువ.

పూండిలో బండి దిగి ఆటోలో సముద్రం వైపు పోతే ఒక చేపలవాళ్ళ ఊరు వస్తుంది. పేరు రాయను. అక్కడి అమ్మవారి గుడి బాగుచెయ్యాలని కబురు వచ్చింది.

చిన్న గుడి. ఒరిస్సా వైపు గుళ్ళలాగా కింద నలుచదరం, పైకి పోనుపోను లోపలికి వంగిన శిఖరం, దాని నెత్తిన ఉసిరికాయలాగా నొక్కులు తీర్చిన గుండ్రటి రాయి. తుఫానుకి ఆ రాయి పక్కకి ఒరిగింది కాని పడలేదు. తూర్పు గుమ్మం సముద్రానికి ఎదురుగా ఉంటుంది. తల వంచకుండా లోపలికి పోలేరు. సముద్రం మీద ఉన్న పడవకి లోపలి దీపం కనిపిస్తుందని ఆ ఊరివాళ్ళంటారు. నేను పడవెక్కలేదు గాని, నమ్మాను.

అమ్మవారి విగ్రహం నిలువెత్తు నల్లరాయి. ముఖం సముద్రం వైపు ఉండాలి. కాని మెడ కొంచెం ఎడమ భుజం మీదకి తిరిగి ఉంటుంది, వెనక నుంచి ఎవరో పిలిస్తే విని తల తిప్పబోయినట్టు. ఆ వెనక గోడలోనే రెండో గుమ్మం ఉంది, పడమటి వైపుకి, జీడితోటల వైపుకి. దాన్ని కన్నవారి గుమ్మం అంటారు.

కథ ఏమిటంటే, ఈ తల్లి తోటల వైపు ఊళ్ళో పుట్టిన పిల్ల. సముద్రం వైపు ఊరికి కోడలుగా వచ్చింది. ఒక ఏడాది అన్నదమ్ములు సారె తీసుకొచ్చి వీధి గుమ్మంలో నిలబడ్డారు. మర్యాద దగ్గర మాట పెరిగింది. వాళ్ళు గునపాలెత్తారు, వీళ్ళు లంగరు ఇనుము ఎత్తారు. పిల్ల మధ్యలో నిలబడి, నా వాళ్ళు వీధిలో నిలబడే చుట్టాలేమిటి, పెరటి గుమ్మంలోంచి వస్తారు, ఆ గుమ్మం దగ్గరికి ఇనుము తెచ్చినవాడికి నేను మళ్ళీ కనిపించను అని లోపలికి పోయి తలుపేసుకుంది. తెల్లారి చూస్తే రాయి. మెడ తిరిగి ఉంది.

అత్తవారు ఆ ఇల్లే గుడి చేశారు. కన్నవారి గుమ్మాన్ని ఏడాదంతా మట్టి, ఇటుక పెట్టి మూసి ఉంచుతారు, ఆమె ఆ ఇంటి కోడలు కాబట్టి. జాతర రోజున పుట్టింటి ఊరివాళ్ళు సారె తెచ్చి ఆ గోడని ఒట్టి చేతుల్తో తోసి లోపలికి వస్తారు, ఆ ఒక్కరోజు ఆమె వాళ్ళ పిల్ల కాబట్టి. ముందు చెయ్యి వేసేది ఆ ఊళ్ళో అందరికన్నా పెద్ద ముత్తయిదువ. ఇనుము తగలకూడదు. దీపం పెట్టేవేళ దాటకుండా సారె లోపలికి చేరాలి. ఎప్పుడైనా చేరకపోతే ఆ రెండు ఊళ్ళకీ అక్కడితో తెగిపోయినట్టే. జీడిపిక్కల పనికి వాళ్ళ తోటల్లోకి వీళ్ళు పోవడం, వీళ్ళ పడవ ఒడ్డుకి రాగానే వాళ్ళకి కూర చేపలు తీసి ఉంచడం, పిల్లల్ని ఇచ్చి పుచ్చుకోవడం, అన్నీ ఆ గుమ్మం మీదే నడుస్తున్నాయి.

తుఫానులో ఆ మట్టిగోడే కరిగిపోయింది. వాన, ఇసక లోపలికి కొట్టి అమ్మవారి నడుము దాకా పూడిపోయింది. దీపం కొండెక్కింది. ఊరివాళ్ళకి తమ ఇళ్ళు పోయినదానికన్నా అదే ఎక్కువ బాధ. అందుకని పెద్దలు మేస్త్రి దగ్గర పట్టుబట్టారు, ఈసారి మట్టి వద్దు, సిమెంటు పెట్టు, కోడలు మళ్ళీ తడవకూడదు అని. మేస్త్రి కాదంటే వేరే మేస్త్రిని పిలుస్తారు, అతను నిజంగానే రాయిలా కట్టేస్తాడు. ఈయన కాసేపు ఇసకమూట మీద కూర్చుని, అలాగే, గట్టిగానే కడతాను అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచాడు. ఇసకలో సిమెంటు కంటికి ఆననంత వేయించాడు. ఆ గుమ్మం దగ్గర తాపీ కూడా ముట్టకుండా ఇటుకల మధ్య మాలు చేత్తోనే పెట్టాడు. పైన బూడిదరంగు కనిపించేటట్టు పల్చగా పూత పూయించాడు. అయ్యాక మాకందరికీ చెప్పాడు, దీనికి మాత్రం ఒక్క చుక్క నీళ్ళు కొట్టకండి, ఇలాగే ఎండిపోనివ్వండి, పండగ నాటికి పిండిలా అవుతుంది, ముసలమ్మ చెయ్యి వేస్తే రాలుతుంది అని. అత్తవారికి సిమెంటు గోడ, కన్నవారికి మట్టి గోడ. రెండు ఊళ్ళ మనసూ నొప్పించకుండా ఆయన చేసిన ఉపాయం అది. మీకు తెలుసు కదా, సిమెంటు తడి తాగితేనే గట్టిపడుతుంది. మాకు చెప్పాడు. ఊరికి చెప్పలేదు. గట్టిగా కడతానని మాటిచ్చి, ఇది పిండి గోడ అని వాళ్ళతో ఎలా అంటాడు?

శిఖరం మీద రాయి సర్ది, గోడలకి సున్నం వేసి మేం వచ్చేశాం. జాతరకి ఇంకా నెలలున్నాయి.

జాతర నాటికి మేస్త్రి బాగా చిక్కిపోయాడు. ముందురోజే పలాసలో సూదులు గుచ్చించుకుని వచ్చాడు. వద్దన్నా వినలేదు, ఆ గోడ పడటం చూడాలన్నాడు. ఆయన భార్య నన్ను తోడు వెళ్ళమంది. గుడి వెనక జీడిచెట్టు నీడలో గోనెసంచి పరిచి కూర్చోబెట్టాను. ఎండ తీవ్రంగా ఉంది. తోటల వైపు నుంచి డప్పులు వినిపించి, తర్వాత సారె కనిపించింది. పనసపళ్ళు, కొబ్బరికాయలు, జీడిపప్పు తట్టలు, పసుపు చీర, గాజులు, అరిసెలు. అన్నిటికన్నా ముందు చలిమిడి బిందె నెత్తిన పెట్టుకుని వాళ్ళ పెద్దమ్మ. రెండు ఊళ్ళవాళ్ళూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఆవిడ వయసు ఆవిడకే తెలీదు.

బిందె దింపి గోడకి దండం పెట్టి అరచెయ్యి ఆనించింది. తోసింది. ఏమీ కాలేదు. మళ్ళీ తోసింది. వెనక ఉన్న మగవాళ్ళు భుజాలు పెట్టారు. ఒక ఇటుక కూడా కదల్లేదు.

మొదట్లో వేళాకోళంగానే ఉంది. తోటలవాళ్ళలో ఒకాయన చేతులు దులుపుకుంటూ, "సేపలమ్ముకోడానికి మీరు మా పెరట్లోకి సరాసరి ఒచ్చీత్తారు. మేమొత్తే గోడేటి?" అన్నాడు.

గుడి ఊడ్చే ఆవిడ ఇటువైపు నుంచి అందుకుంది. చేపలు అమ్మేదీ ఆవిడే. "మీ పెరట్లో కుక్క ఉంటాది బావా. మా గోడ నయం, కరవదు."

నవ్వారు. మళ్ళీ తోశారు. ఈసారి ఎవరి వేళ్ళో చెక్కుకుపోయి గోడ మీద నెత్తురు మరక పడింది. నవ్వులు ఆగిపోయాయి. ఎవడో గునపం అన్నాడు. అన్నవాడి వంక అందరూ చూసిన చూపుకి వాడు తల దించుకున్నాడు. పెద్దమ్మ గోడకి వీపు ఆనించి కూర్చుండిపోయింది.

"ఏటర్రా ఇది," అంది మెల్లిగా. "మా పిల్ల గుమ్మానికి రాయి కట్టీసినారా? సెప్పీయండి. రావొద్దంటే రాం. పొద్దు ఒరిగితే సారె ఎత్తుకు పోతాం. మరింక మీకూ మాకూ ఏటీ నేదు."

అత్తవారి పెద్దలు మేస్త్రి వైపు చూశారు. ఆయన లేచాడు. లేవటానికి నా భుజం పట్టుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి గోటితో గీశాడు. పొడి రాలలేదు. దగ్గరగా వంగి చూశాడు. అప్పుడు నాకూ కనిపించింది. బూడిదరంగు పూత మీద పైనుంచి కిందకి పసుపు చారలు, ఒకదాని మీద ఒకటి, పొరలు పొరలుగా.

"దీనికి నీళ్ళు పోసినారా?" అని అడిగాడు.

గుడి ఊడ్చే ఆవిడ ముందుకు వచ్చింది. మెచ్చుకుంటాడనుకుంది పాపం. "పొయ్యకుండా ఒదిలీత్తామా మేస్త్రీ? కొత్త ఇల్లు కట్టినోళ్ళు గోడకి నీళ్ళు కొడతారు కదా, మాకు తెల్దేటి. మీరు మరిసిపోయి ఎల్లిపోనారని ఆడోళ్ళమందరం ఒంతులేసుకున్నాం. ఒట్టి నీళ్ళు కాదు, అమ్మకి తానం సేయించిన పసుపు నీళ్ళు. ఒక్కపూట మాననేదు."

నేను మేస్త్రి ముఖం చూడలేకపోయాను. ఏడుస్తాడనుకున్నాను. ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. నవ్వుతూనే కూలబడ్డాడు. జరిగినదంతా అక్కడే అందరి ముందూ చెప్పేశాడు, గట్టిగా కడతానని కట్టనిది, నీళ్ళు కొట్టొద్దని తాను చెప్పనిది. మీరిద్దరూ బాగుండాలని ఇద్దరికీ చెరొక మాట చెప్పాను పెద్దమ్మా, తప్పు నాది, వాళ్ళది కాదు అన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. చొక్కా చేతి కింద కట్టు చూసింది. "నిన్ను తిట్టడానికి కూడా మనసు రాదు నాయనా," అంది. "మా పిల్ల తడిసిపోకూడదని సేసినోడివి. గాని గుమ్మం గుమ్మమే కదా."

అది నిజం. పొద్దు వాలుతోంది. మేస్త్రి లేచి సూదులు గుచ్చే చెయ్యే గోడకి ఆనించబోయాడు. ఆ చేతి మీద బరువు పడకూడదని డాక్టర్లు చెప్పారు. నేను పట్టుకుని లాగాను. ఇంత పెద్ద మనిషిని చెయ్యి పట్టుకుని లాగటం నాకదే మొదలు. ఊరుకో అన్నాడు. ఊరుకోనన్నాను. మా గొడవ మధ్యలో ఎవరు ఎటు వెళ్ళారో చూసుకోలేదు.

అప్పుడు గోడ లోపలి నుంచి దెబ్బ వినిపించింది.

దబ్బున ఒకటి. ఆగి ఇంకొకటి. డప్పులవాళ్ళు చేతులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. ఆ గుమ్మాన్ని లోపలి నుంచి ఎవరూ ఎప్పుడూ ముట్టుకోలేదు, అత్తవారు తెరవకూడదు. పట్టుకున్న మేస్త్రి చెయ్యి వదిలేశాను, అబద్ధమెందుకు. పెద్దమ్మ గోడకి చెవి ఆనించి రెండు చేతులూ జోడించింది. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మా గుంటేరా, మా పిల్లే," అంది. "లోపట్నుంచి తలుపు కొడతంది."

దెబ్బలు ఆగాయి. లోపలి నుంచి గొంతు వచ్చింది. "నేను పెద్దమ్మా. నీళ్ళు పోసినదాన్ని."

గుడి ఊడ్చే ఆవిడ. ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయి రుబ్బురోలు పొత్రం చంకనెత్తుకుని తూర్పు గుమ్మంలోంచి వెళ్ళి మొదలెట్టింది. కోడళ్ళు తెరవకూడదన్న సంగతి ఎవరో గుర్తు చెయ్యబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అది ఇనుము కాదు, మా పిల్ల ఇంట్లో పప్పు రుబ్బుకునే రాయే కదా, కొట్టనీయండి అంది. అంతే, సముద్రం ఊరి ఆడవాళ్ళు ఇళ్ళకి పరుగెత్తారు. ఎవరి పొత్రం వాళ్ళు తెచ్చారు. లోపల కొందరు, బయట తోటలవాళ్ళకి కొన్ని ఇచ్చి కొందరు. మేస్త్రి గోనెసంచి మీద నుంచి, పై వరసకి కాదు, మధ్య వరసకి కొట్టండి, అక్కడ ఇటుక మీద ఇటుక సూటిగా పెట్టాను, కుట్టు లేదు అని చెబుతూ ఉన్నాడు. ఆయన ఎంత బలహీనంగా కట్టాడో ఆయనకే తెలుసు, వీళ్ళు ఎంత బలం పోశారో వీళ్ళకే తెలుసు.

మధ్యలో ఇటుక ఒకటి ఊడింది. తర్వాత దాని పక్కది. మొత్తం గోడ పడలేదు. బిందె పట్టేంత కన్నం పడింది, అప్పటికి ఎండ కొబ్బరాకుల మీదకి ఎక్కేసింది. చాలు అంది పెద్దమ్మ. ముందు తన చెయ్యి లోపలికి పెట్టింది. లోపలి నుంచి దుమ్ము కొట్టుకున్న చేతులు వచ్చి ఆ చేతిని పట్టుకున్నాయి. చలిమిడి బిందె వెళ్ళింది. తర్వాత చీర, గాజులు, అరిసెలు, ఒక్కొక్కటీ చేతిలోంచి చేతిలోకి. పనసపళ్ళు పట్టలేదు. వాటిని చీల్చి తొనలుగా అందించారు. లోపల దీపం పెట్టారు. ఆ కన్నంలోంచి చూస్తే అమ్మవారి చెంప, తిరిగిన మెడ కనిపించాయి. అంత దగ్గరగా నేను ఏ గుళ్ళోనూ చూడలేదు.

తిరుగు దారిలో పూండి స్టేషను బెంచీ మీద కూర్చున్నాం. బండి లేటు. మేస్త్రి, మట్టితోనే కట్టాల్సింది, గట్టిగా అడ్డం తిరగాల్సింది, ఓపిక లేక ఒప్పుకున్నాను అన్నాడు. ఓపిక లేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు నాకు సగమే తెలుసు. ఇప్పుడు పూర్తిగా తెలుసు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు.

తర్వాతి జాతరకి ముందు సముద్రం ఊరి పెద్దలు ఇద్దరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మిగిలిన సిమెంటు గోడ తీసేశామని, ఈసారి మట్టితోనే కట్టమన్నారు. వాన కొట్టకుండా బయట తాటాకు దడి మేమే కట్టుకుంటాం, గుమ్మం నువ్వు మూసిపెట్టు అన్నారు. మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. పెద్ద పని ఒప్పుకునే స్థితిలో లేను. ఇది ఒప్పుకున్నాను. నాన్న నేర్పినదంతా గోడ నిలబడటానికి. ఇది నిలబడాలి, అడిగినప్పుడు పడాలి. ఊక కలపలేదు, ఊక మట్టిని పట్టి ఉంచుతుంది. ఇటుకకీ ఇటుకకీ కుట్టు పడకుండా ఒకదాని నెత్తిన ఒకటి పేర్చాను. మీ మేస్త్రుల్లో ఎవరైనా చూస్తే ఆ రోజే పని మానిపించేవాడు. కట్టేసి, గుడి ఊడ్చే ఆవిణ్ణి పిలిచి, నీళ్ళు పొయ్యకు అన్నాను. సుక్క కూడానా అంది. చుక్క కూడా అన్నాను.

అదే నా చివరి పని. తర్వాత తాపీ కడిగి అటక మీద పెట్టేశాను.

జాతర రోజు వెళ్ళాను. పెద్దమ్మ ఇంకా వంగిపోయింది. అరచెయ్యి ఇలా ఆనించిందో లేదో గోడ మొత్తం ఒక్కసారి లోపలికి కూలింది. దానితోపాటు ఆవిడా ముందుకు తూలింది. ఇద్దరు పట్టుకున్నారు గాని లేకపోతే అమ్మవారి పాదాల మీదే పడేది. నిలదొక్కుకుని, "ఎవుర్తె కట్టింది ఇది?" అని వెనక్కి తిరిగింది. నేనే అన్నాను. "పనొచ్చినదానివేనా?" అంది.

పనిలో నన్ను తిట్టినవాళ్ళున్నారు. తిడితే నేను సంతోషించి దండం పెట్టింది ఆ ఒక్కసారే. జీడిచెట్టు కింద గోనెసంచి పరిచిన చోటు వైపు చూశాను. ఎవరిదో మేక పడుకుని ఉంది.

దుమ్ము అణిగాక ఇటుకల అవతల గుడి ఊడ్చే ఆవిడ నిలబడి ఉంది, నెత్తి నిండా మట్టి. సారె అందుకోవటానికి రెండు చేతులూ చాపి, సొంత అక్కని చూసినట్టు నన్ను చూసి నవ్వింది.

"సూసినావా అప్పా," అంది, "సుక్క నీరు పొయ్యనేదు."